డ్రైవరు పక్క సీటు

ఒడిశాలోని రాయగడలో మహేశ్వరరావు యార్డులో రెండు పాత బళ్ళు పక్కపక్కనే నిలబడి ఆ వేసవంతా తాతారావు ప్రాణం తీశాయి.

ఒకటి మూడు చక్రాల ట్రాలీ ఆటో. రెండోది ఈ పక్క జనం ఛోటా హాతీ అనే నాలుగు చక్రాల చిన్న ట్రక్కు. చేతిలో ఉన్న డబ్బుకి ట్రాలీ తీసుకుంటే పెద్ద గడ్డి మిషను కూడా కొనుక్కోవచ్చు. వెనక రోలరు, కోసిన గడ్డి పడే సంచీ, తోస్తే దానంతటదే ముందుకు పోయే చక్రాలు ఉన్న మిషను అది. ట్రక్కు తీసుకుంటే ఆ మిషను మాట మరిచిపోవాలి. ఇప్పుడు భుజాన తగిలించుకుని తిరిగే బ్రష్ కట్టరే గతి. గడ్డి కోసి బతికేవాడెవడైనా ట్రాలీనే తీసుకుంటాడు. ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

తాతారావు ఆలోచిస్తూనే ఉన్నాడు. యార్డుకి వచ్చిన ప్రతిసారీ ట్రక్కు తలుపు తీసేవాడు. స్టీరింగు ముందు కాదు, దాని పక్క సీట్లో ఎక్కి కూచునేవాడు. అద్దం దించేవాడు, ఎక్కించేవాడు. కాళ్ళు ముందుకి చాపి చూసేవాడు.

"ఏటి బావా, కిలీనరులాగ ఆ పక్క కూకుంతావు? బండెవుడు తోల్తాడు?" అన్నాడు మన్మథరావు. అతను తాతారావు భార్య గౌరికి తమ్ముడు. స్టేషను దగ్గర సొంత ట్రాలీ తోలతాడు కనక బళ్ళ విషయంలో తన మాటే చెల్లాలంటాడు.

"సీటు మెత్తగుందో నేదో సూత్తన్నాను."

"మిషనుకి మెత్తటి సీటెందుకు? ఎనకాల తాడేసి కట్టేత్తే సాల్దా?"

మహేశ్వరరావు నీడలో కుర్చీ వేసుకుని వింటున్నాడు. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన వ్యాపార కుటుంబం వాళ్ళది. తాతలు ఉప్పూ బెల్లం అమ్మారు, ఈయన పాత బళ్ళు అమ్ముతాడు, పక్కనే వ్యవసాయ మిషన్ల కొట్టు కూడా ఈయనదే. "ఒరే తాతారావూ, కొంటావో కొనవో తరవాత సంగతి. నువ్వు కూకుని కూకుని ఆ రెగ్జిను నున్నగైపోనాది. రేపు ఇంకోడికి ఏటి సెప్పి అమ్మను?"

"ట్రాలీకి పక్క సీటు నేదు కద బాబూ."

"నా బండిలో లేదేటి?" అన్నాడు మన్మథరావు. "డ్రైవరు కొంచెం జరిగితే ఇద్దరం కూకుంతాం."

"నువ్వు జరిగి కూకోబెట్టేది కొబ్బరికాయల బేరగాళ్ళని. ఒక కాలు రోడ్డు మీద, ఒక పిర్ర గాల్లో."

మన్మథరావు నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయి, "అక్క గురించేనా?" అన్నాడు. తాతారావు అద్దం ఎక్కించేశాడు.

తాతారావుది మునిసిపాలిటీ వీధి. తండ్రి చీపురు పట్టిన ఊరు ఇది. తాతారావు కూడా చెత్త ట్రాక్టరు తోలాడు, తరవాత ఒక కాంట్రాక్టరు కింద పార్కులో గడ్డి కోతకి కుదిరాడు. మొదట కొడవలి, తరవాత కత్తెర, తరవాత మిషను. ఎందుకో ఆ పని అతనికి పట్టుబడింది. గడ్డి ఎటు వాలి ఉందో చూసి దానికి ఎదురు కొయ్యాలని, తడి గడ్డి మీద బ్లేడు పెడితే వేళ్ళతో సహా లేచొస్తుందని ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాడు. కాంట్రాక్టరు మారాడు, పని పోయింది. అప్పుడొక బ్రష్ కట్టరు కొని, స్కూటరు వెనక అడ్డంగా కట్టుకుని, బ్యాంకులూ స్కూళ్ళూ డాక్టర్ల ఇళ్ళూ తిరగడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఇంటికొస్తే మోకాళ్ళ దాకా ఆకుపచ్చ. "ఆవు మేసి ఇంటికొచ్చినట్టున్నావు మావా," అనేది గౌరి. బావి గట్టు మీద కూచోబెట్టి చెంబుతో నీళ్ళు పోసేది. ఆ చెంబుడు నీళ్ళసేపే వాళ్ళకి ఏకాంతం.

ఇల్లంటే రెండు గదులు. అందులో తాతారావు తల్లి అప్పమ్మ, అన్నా వదినా, వాళ్ళ పిల్లలు, వీళ్ళిద్దరూ. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా వాళ్ళకంటూ ఉన్నది దండెం మీద వేలాడే ఒక దుప్పటి తెర. పెళ్ళయిన మర్నాడు పార్వతీపురం నుంచి బస్సులో రాయగడ వచ్చారు. కిటికీ పక్కన గౌరి, ఆమె పక్కన తాతారావు. ఆమె నిద్రపోయి అతని భుజం మీద వాలింది. దిగేదాకా అతను భుజం కదపలేదు. ఆ తరవాత అలా ఇద్దరూ పక్కపక్కన కూచున్నది ఎప్పుడా అని వెతుక్కుంటే అతనికేమీ దొరకదు.

పార్కు పని పోయిన ఏడాదే గౌరి కొండల మీదున్న పొట్టంగిలో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరింది. అక్కడే ఉండాలన్నారు. "నీకు మళ్ళీ పని కుదిరేదాకా," అన్నారు ఇంట్లో. ఆ మాట అన్నది అప్పమ్మా, తాతారావా, గౌరా, ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. వేసవి సెలవులకీ దసరాకీ వస్తుంది. ఈ వేసవికీ వచ్చింది. జూన్ మొదట్లోనే సంచీ సర్దుకుని, "మేడం బేగి రమ్మంటంది, గదులు కడగాలట," అని బస్సెక్కేసింది. ఆమె వెళ్ళిన మర్నాటి నుంచే తాతారావు యార్డుకెళ్ళి ఆ పక్క సీట్లో కూచోవడం ఎక్కువైంది. తనకి ట్రక్కుంటే, పెద్ద పనులుంటే, గౌరి హాస్టలు మానేసి వస్తుంది. పొద్దున్నే ఇద్దరూ బండెక్కుతారు. తను కోస్తాడు, ఆమె గడ్డి పోగుచేస్తుంది, మధ్యాహ్నం బండిలోనే కూచుని అన్నం తింటారు. ఇంతవరకూ ఆలోచించుకున్నాడు. గౌరిని అడగలేదు.

పెద్ద పని నిజంగానే వచ్చేలా ఉంది. తెరుబలి దగ్గర కంపెనీ ఆఫీసర్ల బంగళాలున్నాయి. వాటి తోటలు చూసే మనోరంజన్ బాబు ఒకరోజు తాతారావు బ్యాంకు ముందు కోసిన గడ్డి చూసి, "భుజం మిషనుతో కాదు, పెద్ద మిషను తెచ్చి మా ఇంటి లాను కోసి చూపించు. నచ్చితే లైనంతా నీదే," అన్నాడు. చదునైన నేల, తివాచీలాంటి గడ్డి, ఇరవై నిమిషాల దూరం. ట్రాలీకీ పెద్ద మిషనుకీ పుట్టిన పని అది.

మహేశ్వరరావు మిషను అరువిచ్చాడు. దాన్ని మొయ్యడానికి బండి కావాలంటే ట్రక్కు తాళం ఇచ్చాడు. "పనిలో పనిగా బండి కూడా తోలి సూసుకో. సాయంత్రానికి రెండూ యార్డులో ఉండాలి. ఇంటన్నావా?"

"ఇన్నాను బాబూ."

తాతారావు తెరుబలి వెళ్ళిన ఆ రోజు రజో పండగ మొదటి రోజు. ఆ సంగతి అతనికి తెలియకపోలేదు. పుట్టి పెరిగిందే రాయగడలో. రజో అంటే ఒడియా ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు, మగాళ్ళు పేకాడతారు, మిఠాయి కొట్ల ముందు పిఠాలు పెడతారు. తెలుగు వీధుల్లో మాత్రం మామూలు రోజే. మునిసిపాలిటీ చెత్త ఆగదు కదా. భూమిని దున్నకూడదని కూడా విన్నాడు. తను దున్నడం లేదు, గడ్డి కోస్తున్నాడు. అందుకే మనోరంజన్ బాబు వీధి చివర టీ తాగడానికి వెళ్ళాడని తెలిసినా ఆగకుండా మిషను దింపి తాడు లాగాడు.

మిషను బ్రహ్మాండంగా పట్టింది. ఒక వరస పూర్తయింది. వెనక్కి తిరిగి చూస్తే ఇస్త్రీ చేసినట్టు పడింది పట్టీ. రెండో వరస సగంలో ఉండగా ఇంట్లోంచి ఒక ముసలావిడ రెండు చేతులూ ఊపుకుంటూ వచ్చింది.

"బంద కర! ఏ, బంద కర!"

తాతారావు ఆపాడు. ఆమె మనోరంజన్ బాబు తల్లి. సముద్రం ఒడ్డు జిల్లాల నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటోంది. ఆయాసం తీరాక ఒడియాలో వాయించేసింది. ఈ మూడు రోజులూ భూమి తల్లి ముట్టయి ఉంటుందని తెలీదా? మా ఇంట్లో ఆడపిల్ల కత్తిపీట ముట్టుకోదు, కూర తరగదు, చెప్పు లేకుండా నేల తొక్కదు. నువ్వు ఆవిడ ఒంటి మీద ఇనుప రెక్క తిప్పుతావా? ఏ ఊరు నీది?

"ఇదే ఊరమ్మా," అన్నాడు తాతారావు. "నేను భూమిని తవ్వలేదు. జుట్టు కత్తిరించినట్టే."

"నొప్పితో పడుకున్నదానికి జుట్టు కత్తిరిస్తావా? మీ ఇంట్లో ఆడవాళ్ళకి ఈ మూడు రోజులూ విశ్రాంతి ఇవ్వవా?"

తాతారావు మిషను గడ్డి మీంచి పక్కకి లాగాడు. ఈలోగా మనోరంజన్ బాబు పరుగున వచ్చాడు. తల్లి ముందు తిట్టినట్టు తిట్టి, పక్కకి తీసుకెళ్ళి, "పట్టీ చూశాను, బాగా వచ్చింది. పండగ అయ్యాక మిషనుతో రా, పని నీదే," అన్నాడు. ముసలావిడ లోపలికి వెళ్ళి విస్తరాకులో చుట్టిన పొడొ పిఠా తెచ్చి అతని చేతిలో పెట్టింది. నిప్పుల మీద కాల్చిన బియ్యప్పిండి పిఠా, ఇంకా వేడిగానే ఉంది. "మీ ఇంటి ఆడమనిషికివ్వు," అంది. కోపం మాత్రం తగ్గలేదు.

తాతారావు మిషను ఎక్కించుకుని రోడ్డు మీదకొచ్చాడు. పని దొరికింది. మామూలుగా అయితే యార్డుకెళ్ళి తాళం ఇచ్చేసి ట్రాలీ బేరం కుదుర్చుకోవాలి. పిఠా పక్క సీటు మీద పెట్టాడు. బెల్లం వాసన బండంతా నిండింది. మీ ఇంటి ఆడమనిషికివ్వు అంది ఆవిడ. రాయగడలో యార్డు వైపు తిరిగే మలుపు దగ్గర తిరగలేదు.

లక్ష్మీపూర్ దాటాక కొండ ఎక్కే ఘాటీ రోడ్డు మొదలైంది. వెనక మిషను బరువుతో బండి రెండో గేరులో మూలిగింది. అయినా ఎక్కింది. మెలిక తిరిగిన ప్రతిచోటా పిఠా పొట్లం జారుతుంటే ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కాకిరిగుమ్మ దగ్గర ఇంజనుకి నీళ్ళు పోశాడు. ఫోను మోగింది. మన్మథరావు.

"బావా, షావుకారు నీ బండి కోసం నా పీక మీద కూకున్నాడు. ఎక్కడున్నావు?"

"పొట్టంగి ఎల్తన్నాను."

"ఓరి నీ... తెరుబలి పని ఏటయింది?"

"దొరికింది."

"దొరికితే ఇంటికి రావాల గానీ కొండెక్కుతారేటి? దొరక్కపోతే ఎక్కాల!"

"మీ అక్కకి పిఠా ఇచ్చొత్తాను," అని ఫోను పెట్టేశాడు.

హాస్టలు పొట్టంగి ఊరు దాటాక వస్తుంది. ఎత్తయిన గోడ, ఇనుప గేటు. లోపల పనస చెట్టు కొమ్మకి తాడు కట్టి ఉయ్యాల వేశారు. సెలవులకి వెళ్ళడానికి ఇల్లంటూ లేని నలుగురైదుగురు పిల్లలు ఉయ్యాల చుట్టూ కేకలు పెడుతున్నారు. ఉయ్యాల మీద ఉన్నది పిల్ల కాదు, గౌరి. కాళ్ళకి పారాణి, నోట్లో తమలపాకు, ఎర్రబడ్డ పెదాలు. పిల్లలు తోస్తుంటే తాడు రెండు చేతులా పట్టుకుని, తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. పాదాలు పైకి లేచినప్పుడు అరికాళ్ళు కనిపిస్తున్నాయి. తాతారావు గేటు చువ్వలు పట్టుకుని నిలబడిపోయాడు. గౌరి నవ్వు తెలుసనే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇంత పెద్ద నవ్వు ఆమె ఎక్కడ దాచుకుందో అతనికి తెలీదు.

"ఎవరు కావాలి?" అంటూ వార్డెను లక్ష్మిప్రియ మేడం వచ్చింది. చెప్పాడు. ఆమె వెనక్కి తిరిగి, పిల్లలు పిన్నీ అని పిలిచినట్టే, "గౌరీ మావుసీ! మీ ఇంటాయన!" అని పిలిచింది. ఉయ్యాల ఆగింది. తన వల్ల ఆగింది.

గౌరి చీర సర్దుకుని వచ్చేలోగా మేడం మంచి మనసుతోనే అంది. "మీ ఆవిడ చాలా మంచిది. రజో అయ్యాక రమ్మన్నాను, అప్పటిదాకా పనేమీ లేదు. తనే ముందొచ్చేసింది. పండగ కదా, వంట వాచ్‌మన్‌కి అప్పజెప్పి మావుసీని పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వడం లేదు మా పిల్లలు. లోపలికి మగవాళ్ళని రానివ్వకూడదు, ఏమీ అనుకోకండి."

తనే ముందొచ్చేసింది. తాతారావు పిఠా పొట్లం ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఏటి మావా, సెప్పకుండా వొచ్చేవు? ఇంటికాడ అంతా బాగేనా?" గౌరి గేటు బయటికి వచ్చింది.

"బాగే. తెరుబలి ముసలమ్మ నీకు పిఠా ఇచ్చింది."

"నాకా? నేనెవులో తెలుసా ఆవిడికి?"

"ఇంటి ఆడమనిషికివ్వమంది."

వాన చినుకులు మొదలయ్యాయి. నిలబడడానికి నీడ లేదు. తాతారావు ట్రక్కు తలుపు తీశాడు. గౌరి ఎక్కింది. అతను చుట్టూ తిరిగి వచ్చి స్టీరింగు ముందు కూచున్నాడు. ఆమె అద్దం ఎక్కించింది. ఎప్పట్నుంచో తెలిసినట్టు ఒక్కసారికే ఎక్కించింది. వాన పెద్దదైంది. గోడా గేటూ పనస చెట్టూ అన్నీ చెరిగిపోయి బండిలో వాళ్ళిద్దరే మిగిలారు. ఇన్ని నెలలు అతను కోరుకున్నది ఇదే. పక్కకి తిరిగి చూడడానికి భయమేసింది.

"ఎవుల బండి?" అంది.

"మనదవుతాది. నువ్వు సరేనంటే."

ఆమె పిఠా విప్పి తుంచి అతనికి ఒక ముక్క ఇచ్చింది.

"మేడం బేగి రమ్మందని సెప్పేవు," అన్నాడు.

"సెప్పేను."

"అబద్దం కద."

"అబద్దవే." కొంచెంసేపు నమిలింది. "నన్ను తీసుకెల్లిపోదావనొచ్చేవా?"

"తెరుబలి పని వొచ్చింది. లైనంతా ఇత్తారు. ఏరే గది తీసుకుందాం."

"గది తీసుకుంతావు. మీ అమ్మ వొత్తాది. మీ అన్న గుంటలు సదువుకోడానికి సోటు నేదని వొత్తారు. నువ్వు ఒద్దనలేవు. ఒద్దనమని నాను సెప్పను, పాపం ఆళ్ళేటి సేసేరు?" గొంతులో కోపం లేదు. అదే అతన్ని కోసింది. "మావా, మన ఇంట్లో నాను గుమ్మం పక్కన పడుకుంతాను. నీళ్ళకెల్లినా, బయటికెల్లినా అందరూ నన్ను దాటుకునే ఎల్తారు. ఎనిమిదేళ్ళు. ఇక్కడ నాకో గదుంది. సిన్నదే. తాళం నా కొంగుకుంటాది. నన్నెవులూ దాటరు. ఈ మూడ్రోజులూ ఈ గుంటలు నన్ను గరిటె ముట్టనివ్వరంట తెలుసా? మన వీధిలో నాకీ సెలవెవులిచ్చేరు?"

"ముందే సెప్పొచ్చు కదే."

"ఎక్కడ సెప్పను? తెర ఎనకాలా? మీ వొదిన ఇనదా?"

వాన బండి పైకప్పు మీద కొడుతోంది. "అయితే నాను ఏటవ్వాల?" అన్నాడు తాతారావు.

"నువ్వు నాకు సేదని ఎవులన్నారు?" గౌరి ఇప్పుడు అతని వైపు తిరిగింది. "ఆదివారం మీటింగు రోజు. గుంటల అమ్మాబాబులు వొత్తారు. నువ్వూ రా. లోపలికి రానియ్యరు. ఇలగ కూకుందాం."

"మీ తమ్ముడు ట్రాలీ కొనమంటన్నాడు. ట్రాలీ ఈ ఘాటీ ఎక్కదు."

"ఆడి మాటా? ఆడి అత్తారింట్లో పెళ్ళికి నన్ను తీసుకెల్లిన్నాడు, ఆడి బండిలో సీటు సివర కూకోబెట్టేడు. పట్టుచీరకి గ్రీజు."

తాతారావు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఉయ్యాల మీది నవ్వంత పెద్దది కాదు గానీ, అతని కోసమే నవ్వింది. తల పక్కకి వాల్చి అతని భుజానికి ఆనించింది. నిద్రపోలేదు. అతను భుజం కదపలేదు. అద్దం మీద నీళ్ళు జారుతుంటే చూస్తూ కూచున్నారు.

వాన తగ్గింది. గేటు లోపల్నుంచి పిల్లలు "మావుసీ!" అని అరిచారు. గౌరి దిగింది. మిగిలిన పిఠా పిల్లలకని కొంగులో పెట్టుకుంది. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసి, లోపలికి వెళ్ళి గొళ్ళెం వేసుకుంది. అతను వెంటనే బండి తియ్యలేదు. ఉయ్యాల మళ్ళీ కదిలాక తీశాడు.

సెమిలిగుడ ఇంకా రాకముందు, కొండ చూడ్డానికి వచ్చే జనం కోసం ఎవరో కొత్తగా కట్టిన కాటేజీలు కనిపించాయి. ఎర్ర కప్పులు, వాటి చుట్టూ ఏటవాలంతా మోకాలెత్తు గడ్డి. వెళ్ళేటప్పుడు కూడా ఇదే దారిన వచ్చాడు, చూడలేదు. బండి పక్కకి ఆపి దిగాడు. గేటు దగ్గర వాచ్‌మన్ పనస తొనలు వొలుస్తున్నాడు. మాట్లాడిస్తే సాలూరు వైపు మనిషి.

"ఈ గడ్డెవులు కోత్తారు?"

"ఆవులు."

"సరిగ్గా కొయ్యట్లేదు."

వాచ్‌మన్ బండిలో మిషను వైపు చూశాడు. "దాంతో ఇక్కడ కోత్తావేటి? నువ్వూ అదీ కలిసి రోడ్డు మీద పడతారు."

"ఇది కాదు. దీన్ని రేపు వాపసిచ్చేత్తాను. భుజం మీదేసుకునేది తెత్తాను." ఆ మాట తన నోట్లోంచి వచ్చాక గానీ తాతారావుకే తెలియలేదు. తెరుబలి ఇస్త్రీ పట్టీ కళ్ళ ముందు ఒకసారి మెదిలింది. బాగా వచ్చింది నిజంగా. అలాంటి పట్టీ ఈ ఏటవాలు మీద ఎన్నటికీ రాదు. "బండి మాత్రం ఇదే."

"మేనేజరు నంబరిత్తాను, మాటాడుకో. ఎప్పుడొత్తావు?"

"ఆదివారం."

"ఆదివారం ఎవుడు పని సేత్తాడు?"

"పొద్దున్న కోసేత్తాను. మద్దేనం పొట్టంగిలో ఉంటాను."

"అక్కడేటి కోత్తావు?"

"ఏటీ కొయ్యను," అన్నాడు తాతారావు. "కూకుంతాను."